పుస్తకం ఏ భాషదైనా చెప్పుకోవడం తెలుగులో



మాస్టారి పేరు మీద ఏటా ఒక ఉపన్యాసం ఉండాలని మనవాళ్ళు అనుకుని మూడేళ్ళవుతోంది. తన పేరుతో ఏదీ పెట్టొద్దని ఆయన ఖండితంగా చెప్పి వెళ్ళారు. ఆ మాట కాదనలేక ఆహ్వానపత్రం మీద 'మాస్టారి స్మారక ఉపన్యాసం' అని మాత్రం అచ్చువేశాం. ఆయన్ని ఎరిగినవాళ్ళకి అది చాలు. ఎరగనివాళ్ళకి ఇంత చెబుతాను. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికని మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌కి వచ్చారు. వచ్చిన నెల తిరక్కుండానే లైబ్రరీ కార్డు తీసుకున్నారు. ఆ తర్వాత పోగుచేసింది మనల్ని.

నెలలో చివరి ఆదివారం ఈ హాల్లో కూర్చోవడం అలా మొదలైంది. ఆయన పెట్టిన నియమం చాలా చిన్నది. ఈ నెలలో చదివిన పుస్తకం గురించి చెప్పాలి. ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివింది కుదరదు. నవలైనా, వంటల పుస్తకమైనా, పిట్టల పుస్తకమైనా, డిటెక్టివు పుస్తకమైనా అభ్యంతరం లేదు. ఇంగ్లీషుదైనా, తమిళానిదైనా, హిందీదైనా సరే. చెప్పడం మాత్రం తెలుగులో చెప్పాలి.

ఆ నియమం నాకు మొదట నచ్చలేదని ఒప్పుకోవాలి. తెలుగువాళ్ళం కూర్చున్నది తెలుగు పుస్తకాల కోసం కదా, ఇంగ్లీషు పుస్తకాల ఊసు ఇక్కడెందుకు అని మాస్టారితోనే అన్నాను. ఆయన వాదించలేదు. "మీరు పొద్దుటి నుంచి ఏయే విషయాలు తెలుగులో మాట్లాడారో రాసుకుని రండి" అన్నారు. రాసుకున్నాను. కాఫీ, పాలు, పిల్లాడి బూట్లు, మా అత్తగారి మోకాలి నొప్పి, రాత్రికి చారు. అక్కడితో సరి.

2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్ళు ఈ దేశంలో దాదాపు 59 వేలమంది. అంతకు ముందు 2016 లెక్కలో 34 వేల పైచిలుకు. ఆ పెరుగుదల చూసి మనం ఎంతో పొంగిపోయాం, పొంగిపోవలసిందే. కానీ ప్రశ్నను మళ్ళీ చదవండి. ఇంట్లో ఏ భాష వాడతారని అడిగారు. మన తెలుగు నిజంగా ఇంట్లోనే ఉంది. గడప దాటి ఒక చట్టం గురించో, ఒక రోగం గురించో, ఒక హత్య గురించో, ఒక చెట్టు గురించో పది నిమిషాలు మాట్లాడాల్సి వస్తే మనకు తెలియకుండానే ఇంగ్లీషులోకి దిగిపోతాం. పిల్లలకి తెలుగు రావడం లేదని బాధపడే మనకే, పప్పూ ఉప్పూ పండగా పెళ్ళీ దాటితే మాట సాగడం లేదు. మాస్టారు ఈ సంగతి కనిపెట్టారు. భాషకి కొత్త పని ఇవ్వకపోతే అది వంటింట్లోనే ముసలిదైపోతుందని ఆయన భయం. చదివిన పుస్తకం ఇంకొకరికి చెప్పడం కంటే మంచి పని భాషకి ఇంకేముంటుంది? ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. దీన్ని మన ఆదివారాల్లో చెప్పుకున్న పుస్తకాల మీదుగానే చెబుతాను.

టారా జూన్ వించ్ రాసిన 'ద యీల్డ్' నవల 2019లో వచ్చింది. ఆ మరుసటి ఏడు ఈ దేశపు పెద్ద నవలా పురస్కారం మైల్స్ ఫ్రాంక్లిన్ దానికి దక్కింది. మాస్టారు నెల రోజులు కష్టపడి చదివి దాని గురించి చెప్పారు. ఆల్బర్ట్ గొండివిండి అనే తాత, ఆస్ట్రేలియా మూలవాసుల్లో వీరాజురీ జాతివాడు, తన రోజులు దగ్గరపడ్డాయని తెలిసి తన భాషలోని మాటల్ని ఒక్కొక్కటే రాస్తూ పోతాడు. ప్రతి మాటకీ అర్థంతో పాటు తన బతుకులోంచి ఒక ముక్క రాస్తాడు. అక్షరక్రమంలో చివరి నుంచి మొదటికి వస్తాడు. ఆయన పోయాక మనవరాలు ఆగస్ట్ ఇంగ్లండు నుంచి అంత్యక్రియలకి వస్తుంది. ఊరి నేల కింద గని తవ్వడానికి కంపెనీ వచ్చి కూర్చుంటుంది. తాత రాసిన నిఘంటువేమో కనిపించదు. ఆ మాటలే ఆ నేల మీద వాళ్ళ హక్కుకి సాక్ష్యం.

ఆ నవలలో చాలా ముఖ్యమైన మాట ఒకటుంది. సొంత నేల, తన దేశం అని అర్థం. ఇంగ్లీషు లిపిలో దాన్ని 'ఎన్, జీ' అక్షరాలు పక్కపక్కన పెట్టి మొదలుపెడతారు. ఎలా పలకాలో మాకెవరికీ పాలుపోలేదు. మాస్టారు లేచి బోర్డు మీద తెలుగులో రాశారు: ఙురంబఙ్. వెనక వరసలో వాళ్ళమ్మ పక్కన కూర్చున్న పదకొండేళ్ళ పిల్ల దాన్ని తడుముకోకుండా చదివేసింది. చదివి, "ఈ అక్షరం ఎవరూ వాడరని మా శనివారం బడిలో చెప్పారు తాతగారూ" అంది. క ఖ గ ఘ ఙ అని తరతరాలుగా వల్లించి, ఎక్కడా మాటకి ముందు పెట్టని అక్షరం అది. వీరాజురీలో ఈ మాట దానితోనే మొదలవుతుంది, దానితోనే ముగుస్తుంది. ఇంగ్లీషుకి రెండక్షరాలు కావలసినచోట మనకి ఒక్కటే సరిపోయింది.

దీన్నిబట్టి ఆ భాషకీ మన భాషకీ చుట్టరికం కలపొద్దు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ ఆస్ట్రేలియా మూలవాసుల భాషలతో కొన్ని పోలికలు ఎత్తి చూపించాడు గానీ, తర్వాతి భాషాశాస్త్రవేత్తలు ఆ బంధుత్వాన్ని ఒప్పుకోలేదు. నేను చెబుతున్నది వేరు. 1788లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి దిగేనాటికి ఈ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి. ఇవాళ పసిపిల్లలు తల్లి ఒడిలో నేర్చుకుంటున్నవి డజను దగ్గర. వీరాజురీని మళ్ళీ నిలబెట్టడానికి స్టాన్ గ్రాంట్ సీనియర్ అనే పెద్దాయన, జాన్ రడ్డర్ అనే భాషావేత్త కలిసి నిఘంటువు తయారుచేశారు. పిల్లలు తమ భాష మాట్లాడితే దండించిన కాలాన్ని దాటుకుని వచ్చిన మాటలవి. మన మాటల్ని ఎవరూ లాక్కోలేదు. మనమే వాడకుండా పక్కన పెడుతున్నాం. ఆ ఆదివారం ఇంటికి వెళ్ళేటప్పుడు ఈ ఆలోచన నన్ను వదల్లేదు.

ఇంకో నెల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే మన చెల్లెమ్మ ఒకామె టిమ్ లో రాసిన 'వేర్ సాంగ్ బిగాన్' తెచ్చింది. 2014లో వచ్చిన పుస్తకం. డ్యూటీ దిగి వస్తుంటే వసంతకాలంలో మ్యాగ్‌పై పిట్ట తల మీద పొడిచిందట. ఈ దేశపు పిట్టలకి ఇంత కోపమేమిటని లైబ్రరీలో వెతికితే ఆ పుస్తకం దొరికింది. రచయిత చెప్పేదేమిటంటే, ప్రపంచంలో పాడే పిట్టల వంశమంతా ఆస్ట్రేలియా నేల మీద పుట్టి, ఇక్కడి నుంచే ఆసియాకీ తక్కిన ఖండాలకీ పాకింది. జన్యువుల పరిశోధన దానికి ఆధారం. ఇవాళ భూమ్మీద ఉన్న పక్షిజాతుల్లో దాదాపు సగం ఆ వంశానివే. ఇక్కడి చెట్ల పూలలో తేనె ఎక్కువ, ఆ తేనె కోసం పోట్లాట ఎక్కువ, అందుకే ఇక్కడి పిట్టలకి గొంతూ ఎక్కువే, తెగింపూ ఎక్కువే.

చెప్పడం మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే ఆమె ఆగిపోయింది. ఆ వంశాన్ని తెలుగులో ఏమనాలి? ఒకరు గానపక్షులు అన్నారు. నోటికి బరువుగా ఉందన్నారు ఇంకొకరు. చివరికి పాటపిట్టలు అని అందరం ఒప్పుకున్నాం. ఆ పేరు పెట్టుకున్నాక చెల్లెమ్మ చెప్పిన మాటకి హాలంతా అల్లరైపోయింది. శాస్త్రం లెక్కలో కాకి పాటపిట్ట. కోయిల కాదు. కోయిలది వేరే వంశం. వెయ్యేళ్ళ కవిత్వం ఏమైపోవాలని ఒక పెద్దాయన నిజంగానే నొచ్చుకున్నారు. పిట్ట గొంతు నిర్మాణం ఎలా ఉంటుందో మాస్టారు అరగంట బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. ఆ అరగంటా తెలుగులో జీవశాస్త్రం నడిచింది.

ఆ వంశంలోదే మన గోరువంక కూడా. దాని పూర్వీకులు ఏనాడో ఈ నేల నుంచి వెళ్ళినవాళ్ళే. 1860ల్లో కూరగాయల తోటల్లో పురుగుల్ని తింటాయని మన దేశం నుంచి గోరువంకల్ని ఓడల్లో మెల్‌బోర్న్ తెచ్చి వదిలారు. ఇప్పుడవి ఇక్కడి పిట్టల గూళ్ళు ఆక్రమిస్తున్నాయని బోన్లు పెట్టి పట్టుకుంటున్నారు. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో చిప్స్ ముక్కల కోసం గెంతే ఆ పసుపు ముక్కు పిట్టని చూసినప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది. ఇదే రచయిత అంతకు ముందు 1999లో 'ఫెరల్ ఫ్యూచర్' అని, బయటి నుంచి తెచ్చిన మొక్కలూ జంతువులూ ఈ ఖండాన్ని ఎలా దెబ్బతీశాయో రాశాడు. చెల్లెమ్మ తర్వాతి నెలలో అదీ చదివింది.

వంటల పుస్తకాల్ని పుస్తకాలుగా చూడం మనం. ఒక ఆదివారం బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒక అక్కయ్య కంట్రీ విమెన్స్ అసోసియేషన్ వాళ్ళ పాత వంటల పుస్తకం పట్టుకొచ్చారు. 1922లో న్యూ సౌత్ వేల్స్‌లో మొదలైన పల్లెటూరి ఆడవాళ్ళ సంఘం అది. అందులో రోజెల్లా జామ్ అని ఉంది. రోజెల్లా అంటే ఏమిటో తెలుసా? మన ఎర్ర గోంగూర. తెలంగాణలో పుంటికూర. క్వీన్స్‌లాండ్ పెరళ్ళలో ఎన్నో ఏళ్ళుగా పెంచుతున్నారు. పూరేకులు రాలాక కాయని అంటిపెట్టుకుని ఎర్రగా కండపట్టిన రక్షకపత్రాలుంటాయి చూడండి, వాటిని ఒలిచి పక్కన పెట్టుకుంటారు. లోపలి గింజకాయల్ని ముందు నీళ్ళలో ఉడకబెట్టి వడకడతారు. జామ్ గట్టిపడే గుణం ఆ నీళ్ళలోకి దిగుతుంది. అందులో ఎర్ర రేకలు వేసి మెత్తబడ్డాక, గిన్నెకి గిన్నె పంచదార పోస్తారు. మనం ఆకు కోసుకుని పువ్వు వదిలేస్తాం. వాళ్ళు పువ్వు కోసుకుని ఆకు వదిలేస్తారు. ఒకే మొక్క ముందు రెండు జాతులు వందేళ్ళుగా నిలబడి, ఒకళ్ళ బుట్టలోకి ఒకళ్ళు తొంగిచూడలేదు. అక్కయ్య రెండు సీసాలు తెచ్చారు. ఒకటి జామ్, ఒకటి గోంగూర పచ్చడి. ఆ రోజు ఎవరూ తొందరగా ఇంటికి వెళ్ళలేదు.

జేన్ హార్పర్ 'ద డ్రై' గురించి ఎక్కువ చెప్పను, సినిమా చాలామంది చూసే ఉంటారు. 2016లో వచ్చిన నేరపరిశోధన నవల. వానలు లేక ఏరు ఎండిపోయిన ఊరికి ఒక పోలీసు అధికారి స్నేహితుడి అంత్యక్రియలకి వస్తాడు. దాన్ని చెప్పిన తమ్ముడిది అనంతపురం. హంతకుడెవరన్నది అతనికి పట్టలేదు. ఎండిన ఏరు పక్కన మనుషులు ఒకరినొకరు ఎలా చూసుకుంటారన్నదే చెప్పుకుంటూ పోయాడు. పైనెల బండి నారాయణస్వామి 'శప్తభూమి' తెచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ కథ, 2017లో తానా నవలల పోటీలో బహుమతి పొంది, 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న నవల. ఇంగ్లీషు నవల కరువు నుంచి తెలుగు నవల కరువుకి అతను నడిచిన దారి అది. తెలుగు పుస్తకం చదవండి అని మనం ఎంత మొత్తుకున్నా అతను చదివేవాడు కాదు. ఇంగ్లీషు పుస్తకం గురించి తెలుగులో చెప్పమంటే, తనంతట తానే తెలుగు పుస్తకం దగ్గరికి వచ్చాడు. మాస్టారి నియమం మీద నాకున్న సందేహం ఆ రోజుతో తీరిపోయింది.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయిన ఆదివారం మాటలే లేని పుస్తకానిది. షాన్ టాన్ పెర్త్‌లో పెరిగిన చిత్రకారుడు, తండ్రి మలేషియా నుంచి వచ్చిన చైనీయుడు. ఆయన 2006లో తెచ్చిన 'ది అరైవల్' నిండా బొమ్మలే, ఒక్క వాక్యం ఉండదు. విజిటర్ వీసా మీద కూతురి దగ్గరికి వచ్చిన ఒక అమ్మమ్మగారు ఆ రోజు సభకి వచ్చారు. ఆమెకి ఇంగ్లీషు రాదు. నేనేం చెబుతానమ్మా అని వెనక్కి జరిగితే, మాస్టారు ఆ పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ చూశారావిడ. కాగితంతో మడిచిన పిట్ట, గోడ గడియారం, కొక్కేనికి తగిలించిన టోపీ, టీ కూజా, మూత తీసిన పెట్టె, కుటుంబం ఫొటో, ఒక్కో గడిలో ఒక్కోటి. "ప్రయాణం పెట్టుకున్నాడు. ఫొటో బట్టల్లో సర్దుతున్నాడంటే ఇప్పట్లో తిరిగి రాడు" అన్నారు. అక్కడి నుంచి ఆమెను ఎవరూ ఆపలేదు.

ఆ కథలో మనిషి తెలియని పట్నంలో దిగుతాడు. బోర్డుల మీద రాతలు అర్థం కావు. ఆ లిపి చిత్రకారుడు కల్పించింది, ఏ దేశంలోనూ లేదు. అంటే, చదువుకున్న మేమూ చదువురాని కొత్తవాడూ ఆ పేజీ దగ్గర సమానమైపోయాం. అమ్మమ్మగారు మాత్రం ఆగలేదు. అతను రొట్టె కొనడానికి బొమ్మ గీసి చూపిస్తుంటే, తాను ఇక్కడి మందుల షాపులో మోకాలు చూపించి నూనె కొన్న సంగతి చెప్పారు. మనవడు పక్కనే కూర్చుని విన్నాడు. ఆ పిల్లాడు ఆ పుస్తకాన్ని బడిలో చదివాడట, దాని మీద వ్యాసం కూడా రాశాడట. "మా టీచర్‌కి ఇన్ని సంగతులు కనపడలేదు అమ్మమ్మా" అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

చూసిందీ చదివిందీ పదిమందితో పంచుకోవడం మనకేమీ కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, దారిలో చూసిందంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాస్తూ వచ్చాడు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అయ్యాయి. చెప్పుకోవడానికి ఒక మిత్రుడు ఉండబట్టి తెలుగుకి ఒక గొప్ప యాత్రాగ్రంథం దక్కింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. మాస్టారి ఊరి పక్కనుంచే ఆ కాలువలు పారతాయి.

ఈ దేశంలోనూ మనకంటే ముందు మన ఉపఖండంవాళ్ళు పుస్తకం మోసుకుని వచ్చారు. సమియా ఖాతూన్ 2018లో రాసిన 'ఆస్ట్రేలియానామా' చదవండి. న్యూ సౌత్ వేల్స్ ఎడారి అంచున బ్రోకెన్ హిల్ అనే గనుల ఊరుంది. ఒంటెలు తోలుకుని వచ్చినవాళ్ళు రేకులతో కట్టుకున్న చిన్న మసీదు అక్కడ ఉంది. అందులో ఒక పాత పుస్తకాన్ని ఖురాన్ అని చీటీ పెట్టి భద్రపరిచారు. ఖాతూన్ వెళ్ళి తెరిచి చూస్తే అది ఖురాన్ కాదు. కలకత్తాలో అచ్చయిన బెంగాలీ పద్యగ్రంథం, ప్రవక్తల కథలు. ఒక్కరు పాడుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినే పుస్తకం. ఒకప్పుడు ఆ ఎడారిలో దాన్ని పైకి పాడినవాళ్ళు, విన్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు వెళ్ళిపోయాక పుస్తకం మిగిలింది గానీ, అది ఏ భాషదో చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు. నాకు ఆ చీటీ తలుచుకుంటే భయం వేస్తుంది. మన ఇళ్ళల్లో గాజు తలుపుల వెనక ఉన్న తెలుగు పుస్తకాలు, మన తర్వాత ఏ చీటీ కింద ఉంటాయి?

ఇక్కడ ఒక్క మాట కాస్త గట్టిగా అంటాను, పెద్దలు మన్నించాలి. మన సభల్లో తెలుగు గొప్పతనం గురించి చాలా చెప్పుకుంటున్నాం. పుస్తకాలు ఆవిష్కరిస్తున్నాం, శాలువాలు కప్పుతున్నాం. ఆవిష్కరించిన పుస్తకం చదివి ఆరునెలల తర్వాత దాని గురించి మాట్లాడిన సభ నేను ఒక్కటీ చూడలేదు. తెలుగు తియ్యనిదని తెలుగులో చెప్పుకోవడం వల్ల తెలుగు బతకదు. నిన్న చదివిన కోర్టు తీర్పు, మొన్న చదివిన క్యాన్సర్ పుస్తకం, బడిలో పిల్లాడికిచ్చిన నవల తెలుగులో చెప్పుకున్నప్పుడు బతుకుతుంది. మాట దొరకనిచోట ఆగుదాం, వెతుకుదాం, దొరక్కపోతే పాటపిట్టల్లాగా కొత్తది కట్టుకుందాం. ఇంగ్లీషు మాటే వాడాల్సి వస్తే వాడదాం, దానికీ మాస్టారు అడ్డు చెప్పేవారు కాదు. వాక్యం తెలుగుదై ఉండాలి, అంతే.

ఈ నగరంలో పుస్తకాలకి లోటేమీ లేదు. 1856లో తెరిచిన విక్టోరియా స్టేట్ లైబ్రరీ మొదటి రోజు నుంచీ ఉచితం. చాలా కౌన్సిల్ లైబ్రరీలు ఒకే పుస్తకం ప్రతులు పది దాకా సంచిలో పెట్టి చదువరుల బృందాలకి అరువిస్తాయి. మీ వీధిలో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే చాలు, ఆ సంచి మీ ఇంటికి వస్తుంది.

మాస్టారు చివరిగా తీసుకున్న పుస్తకం శంకరి చంద్రన్ 'చాయ్ టైమ్ ఎట్ సినమన్ గార్డెన్స్'. పడమటి సిడ్నీలో శ్రీలంక తమిళులు నడిపే వృద్ధాశ్రమం కథ, 2023లో మైల్స్ ఫ్రాంక్లిన్ వచ్చింది. ఆయన దాన్ని సగం వరకే చదివారు. చీటీ పెట్టిన పేజీతో సహా వాళ్ళబ్బాయి లైబ్రరీకి తిరిగి ఇచ్చేశాడు. అదే పుస్తకం నేను మళ్ళీ తీసుకున్నాను. వచ్చే నెల చివరి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఇదే హాల్లో దాని గురించి చెబుతాను. మీరూ రండి, ఈ నెలలో చదివిన పుస్తకం ఏదైనా ఒకటి తెచ్చుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని రండి.